రొమ్ము క్యాన్సర్ తర్వాత బరువులు ఎత్తడం: కుట్లు మానిన రోజు నుంచి ఏడాది దాకా

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లే రోజు అందరూ చెప్పే మాట ఒకటుంది. "ఆ చేత్తో బరువు ఎత్తకు." కుట్లు మానేదాకా అది సరైన మాటే. కానీ ఎప్పటిదాకా ఎత్తకూడదో చాలామందికి ఎవరూ చెప్పరు. నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయి ఐదేళ్లు, పదేళ్లు గడిచినా ఆ చేత్తో నీళ్ల బకెట్ ముట్టుకోని ఆడవాళ్లు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. భుజం చుట్టూ కండ కరిగిపోయి ఉంటుంది. చేయి పైకెత్తమంటే భుజంతో పాటు మెడ కూడా పైకి లేస్తుంది. అవతలి చేతికీ దీనికీ బలంలో పోలికే ఉండదు.

అలాంటి చేతిని దాచిపెట్టుకుంటే ప్రమాదం తప్పుతుందా? తప్పదు. మనవడు పరుగెత్తుకొచ్చి ఎత్తుకోమంటాడు. బస్సుకు సడన్ బ్రేక్ పడితే ఒంటి బరువంతా రాడ్డు పట్టుకున్న చేతి మీదే పడుతుంది. పండగ ముందు అటక మీది డబ్బా దించాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి వాడని చేయి ఒక్కసారిగా అంత బరువు మోస్తే నొప్పి పట్టుకుంటుంది, వాపు మొదలైనా ఆశ్చర్యం లేదు. చేతిని కాపాడుకోవాలంటే దానికి బలం పెంచాలి. కొద్ది బరువుతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతివారం చేతిని కొలుచుకుంటూ వెళ్లాలి. ఎలాగో వివరంగా చెబుతాను.

ఆ భయం ఎక్కడ నుంచి వచ్చింది

చంకలోని లింఫ్ గ్రంథులు తీసేసినా, అక్కడ కరెంటు పెట్టినా (రేడియేషన్‌ని మన పేషెంట్లు ఇలాగే అంటారు) చేతిలోని నీరు వెనక్కి వెళ్లే దారులు తగ్గిపోతాయి. కొందరికి ఆ నీరు చేతిలోనే నిలిచిపోయి వాపు వస్తుంది. దీన్నే లింఫెడిమా అంటారు. బరువు ఎత్తితే చేతికి రక్తం ఎక్కువగా వస్తుంది, దాంతో నీరూ ఎక్కువ చేరుతుంది, వాపు పెరుగుతుంది అని వెనకటి డాక్టర్లు అనుకున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. పరీక్షించి చూసినవాళ్లు మాత్రం చాలాకాలం దాకా లేరు.

1996లో కెనడాలోని వాంకోవర్‌లో డాన్ మెకెంజీ అనే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరు, రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న 24 మంది ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి డ్రాగన్ బోటులో తెడ్డు వేయించారు. తెడ్డు వేయడమంటే భుజానికీ చేతికీ ఎంత పనో చెప్పక్కర్లేదు. అయినా ఎవరికీ కొత్తగా వాపు రాలేదు. అసలైన జవాబు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. క్యాథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చేయి వాపు ఉన్న 141 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుతో వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించింది. ఏడాది తర్వాత చూస్తే వాపు పరిమాణంలో రెండు జట్లకూ తేడా లేదు. ఉన్నట్టుండి వాపు ముదరడం మాత్రం బరువులు ఎత్తనివాళ్లలో 29 శాతం మందికి, ఎత్తినవాళ్లలో 14 శాతం మందికే జరిగింది. ఈ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. 2010లో అదే బృందం ఇంకా వాపు రానివాళ్ల ఫలితాలు ప్రకటించింది. ఐదు, అంతకంటే ఎక్కువ గ్రంథులు తీసేసినవాళ్లలో ఎత్తనివారికి 22 శాతం మందికి వాపు వస్తే, ఎత్తినవారికి 7 శాతం మందికే వచ్చింది.

ఈ చివరి అంకె మన ఆడవాళ్లకు ముఖ్యం. మన దగ్గర చాలామంది గడ్డ పెద్దదయ్యాకే ఆసుపత్రికి వస్తారు. దాంతో చంకలో ఎక్కువ గ్రంథులు తీయాల్సి వస్తుంది. అంటే బలం పెంచుకోవాల్సిన అవసరం మనకే ఎక్కువ.

ఆ చేతికి సూది వేయించుకోవడం, బీపీ చూపించుకోవడం గురించి మీ డాక్టర్ చెప్పినదే పాటించండి. నేను మాట్లాడుతున్నది బరువు గురించే.

చేతి సంగతి అలా ఉంచితే, ఒళ్లంతటికీ కండ కావాలి. కీమోలో పడుకునే రోజులు ఎక్కువ కాబట్టి తొడల్లో, పిరుదుల్లో కండ తగ్గుతుంది. చిన్న వయసులోనే నెలసరి ఆగిపోతే ఎముక పలచబడుతుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటి హార్మోన్ చికిత్స మాత్రలు వాడితే ఇంకా పలచబడుతుంది, పైగా పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఆ నొప్పులకు భయపడి ఏళ్లపాటు వేసుకోవాల్సిన మాత్రలు మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు. అలా మానేయడం చాలా ప్రమాదం. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం 2015లో ప్రచురించిన పరీక్షలో, వారానికి రెండుసార్లు బరువులు ఎత్తుతూ నడక కూడా చేసినవాళ్లకు ఈ కీళ్ల నొప్పులు దాదాపు 30 శాతం తగ్గాయి. ఈ మాత్రలు వాడుతున్న ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఇదే.

మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగాల్సినవి

ఓపీలో డాక్టర్ ముందు కూర్చోగానే అడగాలనుకున్నవన్నీ మర్చిపోతాం. అందుకని ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

- నాకు చంకలో ఎన్ని గ్రంథులు తీశారు?
- కుట్లు లోపల కూడా మానాయా? లోపల నీరు చేరలేదు కదా?
- నాకు ఇచ్చిన మందులు గుండె మీద ప్రభావం చూపేవా? డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ తీసుకున్నవాళ్లు గుండె పనితీరు చూసే టూడీ ఎకో చివరిసారి ఎలా ఉందో తప్పకుండా అడగాలి.
- ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ చేయించుకోవాలా?
- వ్యాధి ఎముకలకు పాకిందా?

ఆఖరి ప్రశ్నకు జవాబు అవును అయితే ఈ వ్యాసం చూసి ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి. మీరు వ్యాయామం చేయకూడదని కాదు. వెన్నెముకలోనో తుంటిలోనో మచ్చ ఉంటే వంగడం, నడుము తిప్పడం, బరువుతో లేవడం లాంటివి మార్చి చేయాలి. అది స్కాన్ చూసిన ఫిజియోథెరపిస్టు ఎదురుగా ఉండి నేర్పాల్సిన పని.

పొట్ట నుంచి కండ తీసి రొమ్ము తిరిగి కట్టించుకున్నవాళ్లు, వీపు కండ వాడించుకున్నవాళ్లు, ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు ఇంకొంచెం ఆగాలి. మామూలు ఆపరేషన్‌కు ఆరు వారాల తర్వాత చేతికి బరువు మొదలుపెట్టవచ్చు. వీళ్లకు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. ఈ విషయంలో సర్జన్ మాటే ఆఖరు.

మొదటి ఆరు వారాలు: చేతికి కదలిక, కాళ్లకు పని

చేతికి బరువు వద్దంటే ఒళ్లంతటికీ విశ్రాంతి అనుకుంటారు. ఆపరేషన్ మర్నాటి నుంచే వరండాలో నడవండి. రెండో వారం నుంచి కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టొచ్చు. కాళ్లకు కుట్లు లేవు కదా.

గాయంలోని నీరు బయటికి తీసే డ్రెయిన్ సంచి ఉన్నంతకాలం చేతిని భుజం ఎత్తు దాటించకండి. ఆ ఎత్తులోపు మాత్రం రోజూ కదపాలి. పిడికిలి బిగించి వదలడం, మోచేయి మడిచి చాచడం, భుజాలు వెనక్కి తిప్పడం చాలు. డ్రెయిన్ తీశాక, సర్జన్ సరేనన్నాక, గోడ మీద వేళ్లతో పాకే వ్యాయామం మొదలుపెట్టండి. గోడకు ఎదురుగా నిలబడి, చూపుడు వేలు, మధ్య వేలు ఒకదాని తర్వాత ఒకటి పైకి జరుపుతూ చేతిని తీసుకెళ్లండి. చంకలోనో ఛాతీ మీదో లాగినట్టు అనిపించిన చోట ఆగి, ఐదుసార్లు ఊపిరి తీసి వదలండి. నెమ్మదిగా వేళ్లతోనే కిందికి దిగండి. రోజుకు రెండు మూడు పూటలు, పూటకు ఐదుసార్లు.

వేలు అందిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ వేయండి. తెనాలి నుంచి వచ్చే ఒకావిడ వంటగది తలుపు పక్క గోడ మీద ఇలా గీతలు పెట్టుకున్నారు. మొదటి గీత ఆవిడ గడ్డం ఎత్తులో ఉంది. ఆ పైన నాలుగైదు గీతలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి, అవి కదలిక ఆగిపోయిన రోజులు. తర్వాత ఒక్కసారిగా బెత్తెడు పైకి. ఆ ఫొటో నాకు ఫోన్‌లో పంపి "ఇవాళ గ్యాస్ లైటర్ పై గూట్లోంచి నేనే తీసుకున్నానమ్మా" అన్నారు.

చంక నుంచి మోచేయి దాకా, ఒక్కోసారి మణికట్టు దాకా చర్మం కింద తీగలాంటిది బిగుసుకుని కనిపిస్తే కంగారు పడకండి. నరం తెగిందని ఏడ్చినవాళ్లున్నారు. గ్రంథులు తీసినవాళ్లలో మొదటి వారాల్లో ఇది తరచూ వచ్చేదే. ఫిజియోథెరపిస్టు చేత్తో సాగదీసి, ఇంట్లో చేయాల్సిన సాగుడు నేర్పితే చాలామందికి కొన్ని వారాల్లో వదులవుతుంది. అది ఉందని చేయి కదపడం ఆపితే భుజం పట్టేస్తుంది.

టేపుతో చేతిని కొలవడం

దర్జీ వాడే టేపు, ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. బరువులు మొదలుపెట్టే ముందు రోజు పొద్దున మొదటి కొలత తీసుకోండి. బల్ల మీద చేయి చాపి, అరచేయి పైకి పెట్టండి. నాలుగు చోట్ల కొలవాలి: అరచేతి వెడల్పు ఎక్కువగా ఉన్న చోట, మణికట్టు దగ్గర, మోచేతి మడతకు 10 సెంటీమీటర్లు కింద, 10 సెంటీమీటర్లు పైన. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. రెండు చేతులూ కొలవాలి. ఎందుకంటే కుడిచేతి వాటం వాళ్లకు కుడిచేయి మొదటి నుంచీ కొంచెం లావుగానే ఉంటుంది. ఒళ్లు పెరిగితే రెండూ పెరుగుతాయి. ఒకటే పెరిగిందా అన్నది మనకు కావాలి.

మొదటి మూడు నెలలు వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు కొలవండి. ఒక చోట రెండు చేతుల మధ్య తేడా ముందున్న దానికంటే 2 సెంటీమీటర్లు పెరిగితే బరువులు ఆపి డాక్టర్‌కి చూపించండి. ఒక సెంటీమీటరు పెరిగి, మర్నాడు కూడా తగ్గకపోతే ఆ వారం బరువు పెంచకండి.

టేపు కంటే ముందే చెప్పేవి కొన్ని ఉన్నాయి. రోజూ ఎక్కే గాజు ఎక్కకపోవడం, ఉంగరం బిగుసుకోవడం, జాకెట్టు చేయి చర్మం మీద గీత పడేంత బిగుతు కావడం, చేయి బరువుగా, నిండుగా అనిపించడం. వీటిలో ఏది కనిపించినా టేపు తీయండి.

ఏం కావాలి

డంబెల్స్ కొనుక్కోవాల్సిన పని ఇప్పుడే లేదు. అర లీటరు నీళ్ల సీసా అర కిలో, లీటరు సీసా కిలో. కీమో వల్ల వేళ్లకు తిమ్మిరి ఉన్నవాళ్లకు సీసా జారిపోతుంది. వాళ్లు గట్టి గుడ్డసంచిలో కందిపప్పు ప్యాకెట్లు పెట్టుకుని పిడికిలితో పట్టుకోవాలి. సంచిని మోచేతికి గానీ మణికట్టుకు గానీ తగిలించకండి. మణికట్టుకు చుట్టి బిగించే బరువు పట్టీలు కూడా వద్దు. వాపు ముప్పు ఉన్న చేతికి ఒక చోట గట్టిగా బిగుతు పడటం మంచిది కాదు. మెడికల్ షాపులో, ఆన్‌లైన్‌లో దొరికే ఎలాస్టిక్ బ్యాండ్ ఒకటి కొనండి. అన్నిటికంటే పలచనిది, తేలికగా సాగేది. గోడకు ఆనించిన, చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి.

వ్యాయామాలు

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల విరామం. సోమ, గురు అనుకుంటే గుర్తుంటుంది. ముందు ఐదు పది నిమిషాలు ఇంట్లోనే నడవండి, భుజాలు తిప్పండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి. బిగబట్టకూడదు. దించడం ఎత్తడం కంటే నెమ్మదిగా సాగాలి, మూడు అంకెలు లెక్కపెడుతూ.

కుర్చీలోంచి లేవడం. కుర్చీ అంచుకు జరిగి, పాదాలు భుజాల వెడల్పున పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవండి. చేతుల ఆసరా లేకుండా లేవలేకపోతే సీటు మీద దిండు వేసుకోండి. కూర్చునేటప్పుడు ధబ్బున పడకూడదు, సీటు తగిలేదాకా తొడలతో ఆపుకుంటూ దిగాలి. ఇది సులువయ్యాక సంచి గుండెలకు హత్తుకుని చేయండి. చేతులకు ఏమీ చేయలేని రోజుల్లో కూడా దీన్ని మానొద్దు.

గోడను నెట్టడం. గోడకు చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తులో గోడకు ఆనించండి. ఒళ్లు కర్రలా నిటారుగా ఉంచి, మోచేతులు మడుస్తూ గోడ దగ్గరకు వెళ్లి, నెట్టుకుంటూ వెనక్కి రండి. మోచేతులు పూర్తిగా పక్కలకు విప్పకండి, పక్కటెముకల వైపు కొంచెం దగ్గరగా ఉంచండి. ఆపరేషన్ అయిన వైపు ఛాతీ లాగుతున్నట్టు ఉంటుంది. లాగడం పరవాలేదు. పొడిచినట్టు నొప్పి వస్తే గోడకు ఇంకొంచెం దగ్గరగా జరగండి. గమనించాల్సింది ఒకటుంది: చాలామంది తెలియకుండానే బరువంతా మంచి చేతి మీద వేస్తారు. ఇంట్లో ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి, ఒళ్లు ఒక పక్కకు ఒరుగుతుంటే చెబుతారు. కొన్ని నెలల తర్వాత గోడ బదులు వంటగది గట్టు మీద చేతులు పెట్టి ఇదే చేయొచ్చు.

బ్యాండ్ లాగడం. నా లెక్కలో చేతికి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆపరేషన్ తర్వాత గాయాన్ని కాపాడుకుంటున్నట్టు భుజాలు ముందుకు ముడుచుకుపోతాయి, వీపు గూనిగా మారుతుంది. కరెంటు పెట్టాక ఛాతీ చర్మం బిగుసుకుని ఇంకా లాగుతుంది. దాన్ని వెనక్కి తేవాలంటే రెక్కల మధ్య కండకు బలం రావాలి. బ్యాండ్‌ని కిటికీ ఊచకు గట్టిగా కట్టి, ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చోండి. రెండు కొసలూ పట్టుకుని మోచేతులు పక్కటెముకలకు రాసుకుంటూ వెనక్కి లాగండి. చివర్లో రెండు రెక్కలూ దగ్గరికి తెచ్చి రెండు అంకెలు ఆగి, నెమ్మదిగా వదలండి. భుజాలు చెవుల వైపు లేవకూడదు. బ్యాండ్‌ని చేతికి చుట్టుకోవద్దు, కొసల్లో ముడులు వేసి ముడులు పట్టుకోండి.

నేల మీది సంచి ఎత్తడం. బకెట్, బియ్యం సంచి, పిల్లవాడు, అన్నీ కిందనుంచే ఎత్తాలి కాబట్టి ఇది నేర్చుకోక తప్పదు. ముందు సంచి నేల మీద కాకుండా చిన్న పీట మీద పెట్టండి. సంచి పాదాల మధ్యకు వచ్చేలా నిలబడి, పిరుదులు వెనక్కి తోసి, మోకాళ్లు కొంచెం మడిచి, వీపు తిన్నగా ఉంచి రెండు చేతులతో పట్టుకోండి. కాళ్లతో నేలను నెడుతూ లేవండి. సంచి ఒంటికి దగ్గరగా ఉండాలి. మొదట కిలో చాలు.

బరువును తల పైదాకా ఎత్తడం. గోడ మీద పాకి చేయి పూర్తిగా పైకి వెళ్లేదాకా దీన్ని మొదలుపెట్టకండి. మొదటి రెండు వారాలు ఖాళీ చేతులతో, తర్వాత అర కిలోతో. భుజం ఎత్తు నుంచి పైకి, ఒక్కో చెయ్యి. అన్నిటికంటే నెమ్మదిగా పెరిగే వ్యాయామం ఇదే, తొందరపడొద్దు.

ఇవి కాక మోచేయి మడిచి సీసా ఎత్తడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడటం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం. ఈ మూడూ చెప్పినంత సులువు. అయితే పొట్ట కండ తీయించుకున్నవాళ్లు ఈ ఆఖరిది సర్జన్‌ని అడిగే చేయాలి.

ఎంతతో మొదలు, ఎప్పుడు పెంచాలి

మొదటి రెండు వారాలు ఒక్కో వ్యాయామం పదిసార్లు, ఒక్క విడత. బరువు అర కిలో, భయంగా ఉంటే ఖాళీ చేయి. మూడో వారం నుంచి రెండు విడతలు, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగుతూ. ఐదో వారం నుంచి ఓపిక ఉంటే మూడు విడతలు.

బరువు పెంచడానికి నా నియమం ఇది. అదే బరువుతో వరుసగా రెండు సెషన్లు పూర్తిగా చేయగలిగారు, మర్నాడు చేతిలో బరువు, బిగుతు రాలేదు, టేపు మారలేదు. ఈ మూడూ కుదిరితేనే చేతికి అర కిలో పెంచాలి. కాళ్ల వ్యాయామాలకు కిలో పెంచుకోవచ్చు. సరైన బరువు అంటే పదోసారి ఎత్తాక ఇంకో రెండు మూడుసార్లు ఎత్తగలను, అంతకుమించి వల్లకాదు అనిపించాలి. ఇరవైసార్లు మాట్లాడుతూ ఎత్తగలిగితే అది తక్కువ. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది అర కిలో దగ్గరే ఏడాది ఉండిపోతారు. పెన్సిల్వేనియా పరీక్షలో గరిష్ఠ బరువు ఇంత అని పరిమితి ఏదీ పెట్టలేదు. లక్షణాలు లేనంతకాలం పెంచుతూనే వెళ్లారు.

ఊరెళ్లి, జ్వరం వచ్చి, పెళ్లి పనుల్లో పడి వారం దాటి మానేస్తే, ఆగిన చోట నుంచి కాకుండా ఒక మెట్టు కిందికి దిగి మొదలుపెట్టండి. నెల దాటితే సగం బరువుతో.

చేయి వాపు ఇప్పటికే ఉన్నవాళ్లు వ్యాయామం చేసేటప్పుడు సరిగ్గా కొలిచి కుట్టించిన కంప్రెషన్ స్లీవ్ (చేతిని పట్టి ఉంచే బిగుతు తొడుగు) వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో స్లీవ్ వేసుకుని మధ్యాహ్నం వ్యాయామం చేయడం నరకం. వేడికి వాపు కూడా పెరుగుతుంది. తెల్లవారుజామున, ఫ్యాన్ కింద చేయండి. స్లీవ్ వదులైపోతే పనికిరాదు, రోజూ వాడితే సుమారు ఆరు నెలలకోసారి మార్చాలి. వాపు లేనివాళ్లకు స్లీవ్ తప్పనిసరి కాదు.

కీమో, కరెంటు నడుస్తుంటే

కీమో ఎక్కించిన మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లో నడక చాలు. ఓపిక వచ్చాక కాళ్ల వ్యాయామాలు, తేలిక బ్యాండ్. వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గే రోజులు, అప్పుడు జిమ్ములకూ జనంలోకీ వెళ్లొద్దు, ఇంట్లోనే చేయండి. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తక్కువుంటే బరువులు ఆపాలి. హిమోగ్లోబిన్ 8 కంటే తగ్గితే డాక్టర్‌ని అడగకుండా ఏమీ చేయొద్దు. మందు ఎక్కించడానికి ఛాతీలో పోర్టు గానీ చేతిలో పిక్ లైన్ గొట్టం గానీ పెట్టి ఉంటే ఆ వైపు చేతికి బరువు విషయం నర్సుని అడగండి.

పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ తీసుకున్నవాళ్లకు అరికాళ్లు మొద్దుబారతాయి. నున్నటి టైల్స్ మీద ఉత్త కాళ్లతో నిలబడి బరువు ఎత్తితే జారిపడతారు. ఇంట్లో చెప్పులేంటని మొహమాటపడకండి, జారని అడుగున్న చెప్పులు విడిగా ఒక జత పెట్టుకోండి.

కరెంటు పెడుతున్న వారాల్లో చర్మం కమిలిపోతుంది. బ్యాండ్ ఆ చర్మానికి రాసుకోకుండా చూసుకోండి. గోడ మీద పాకడం మాత్రం ఆపొద్దు. కరెంటు ప్రభావం ఆఖరి రోజుతో పోదు, కండ నెలల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది. ఛాతీ, భుజం సాగదీయడం ఏళ్లపాటు రోజువారీ అలవాటుగా ఉండాలి.

వెంటనే ఆపాల్సినవి

చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షన్. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారాక చూద్దామనుకోవద్దు. కీమోలో ఉండగా 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అంతే. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. టామాక్సిఫెన్ వాడేవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, గుండె దడ తగ్గకపోవడం కూడా ఆపాల్సిన గుర్తులే. ఒకే చోట ఎముకలో కొత్తగా మొదలై, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పిని వ్యాయామం నొప్పిగా కొట్టిపారేయొద్దు.

రెండు రోజులు ఒళ్లంతా సలపరించడం, మెట్లు దిగుతుంటే తొడలు పట్టేయడం మామూలే.

తిండి

మాంసకృత్తులు తినకుండా బరువులు ఎత్తితే కండ పెరగదు. కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాముల దాకా తినాలి. అరవై కిలోల మనిషికి 72 గ్రాములు. పలచటి చారు, పెరుగన్నంతో ఇది రాదు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలల్లో 6, గుప్పెడు వేరుశనగపప్పులో 7 దాకా ఉంటాయి. పప్పు ముద్దగా, ఎక్కువగా తినండి. చేప, కోడి తినేవాళ్లు మానొద్దు. సోయా తింటే క్యాన్సర్ తిరగబెడుతుందని మీల్‌మేకర్ పక్కన పెట్టేవాళ్లుంటారు. ఆహారంగా తినే సోయాతో అలాంటి ప్రమాదం కనిపించలేదు. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పినంతే తినాలి.

ఇంట్లోవాళ్లు, జిమ్ ట్రైనర్

"ఇంత జరిగాక ఇంకా ఈ బరువులెందుకమ్మా, హాయిగా కూర్చో" అనేది ప్రేమతోనే. అత్తగారికో భర్తకో కోపం తెచ్చుకోకుండా టేపు చేతికివ్వండి. వారం వారం వాళ్లచేతే కొలిపించండి. అంకె పెరగకపోవడం వాళ్లే చూస్తే టెన్షన్ వాళ్లంతట వాళ్లకే తగ్గుతుంది. ఒక రొమ్ము తీసేసినవాళ్లకు టీషర్టులో కనపడటం ఇబ్బందిగా ఉంటే, గది తలుపు వేసుకుని నైటీలో చేసుకున్నా వ్యాయామం వ్యాయామమే. ఆ ఇరవై నిమిషాలు ఎవరూ పిలవకూడదని మాత్రం ముందే చెప్పండి.

మూడు నాలుగు నెలల తర్వాత జిమ్‌కి వెళ్లాలనిపిస్తే వెళ్లొచ్చు. ట్రైనర్‌కి మొదటి రోజే చెప్పండి: ఏ వైపు ఆపరేషన్ అయింది, చంకలో గ్రంథులు తీశారా, ఆ చేతికి ఇప్పుడు ఎంత బరువు ఎత్తుతున్నారు, ఒకేసారి చేతికి అర కిలో, కాళ్లకు కిలో కంటే ఎక్కువ పెంచనని, మర్నాడు చేతిని చూసుకుని గానీ పెంచనని. బార్‌కి వేలాడటం, కెటిల్‌బెల్ విసురుగా ఊపడం లాంటివి మొదటి ఏడాది వద్దనండి. ఒప్పుకోని ట్రైనర్ దగ్గర డబ్బు కట్టకండి. మీ ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు ఫోన్ నంబరు ఆయనకు ఇచ్చి, అనుమానమొస్తే అడగమనండి.

ఏడాది నిండి, వాపు లేకుండా ఉంటే టేపు కొలత నెలకోసారి చాలు. విమాన ప్రయాణం చేసి వచ్చాక, చేతికి దెబ్బ తగిలినా, కాలినా, దోమకాట్లు వాచినా ఆ వారం రెండుసార్లు కొలవండి. వాపు ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. తొలి రోజుల్లో పట్టుకుంటే స్లీవుతో, మసాజుతో అదుపులోకి తేవడం చాలా తేలిక.